ఆరె కటిక ఇంటి పూర్వీకులు: మాటలో, దస్తావేజులో, దేవుడి గూట్లో వెతికితే ఏం తెలుస్తుంది?

రాబోయే జనగణనలో కులాన్ని కూడా లెక్కించాలని కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. అప్పటి నుంచి చాలా ఇళ్లలో పాత ప్రశ్న ఒకటి మళ్లీ లేచింది. మన కులం పేరు అసలు ఏమిటి? మనం ఎక్కడి నుంచి వచ్చాం? తాతల నాటి పొలం ఉన్న ఊరు విడిచి వెళ్లని కుటుంబానికి దీనికి జవాబు చెప్పడం తేలికే. గుంటూరులోనో విజయవాడలోనో నాలుగైదు తరాలుగా వేటమాంసం కొట్టు నడుపుకుంటూ, బయట తెలుగు, ఇంట్లో మరాఠీ కలిసిన మాట మాట్లాడుకునే ఆరె కటిక కుటుంబానికి అంత తేలిక కాదు. వారి దగ్గర గట్టు తగాదాల కాగితాలు ఉండవు, శాసనాలు ఉండవు. ఒక చింతమొద్దు, నాలుగు కత్తులు, ఇంటి పెద్దావిడ జ్ఞాపకం ఉంటాయి. అవి తక్కువ ఆధారాలని అనుకోవడం పొరపాటు. ఏ ఆధారం ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో విడదీసి చూడాలి. అలా చూడనప్పుడే చిక్కు పడుతుంది.

ఇక్కడ ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఇది ఫలానా వారి ఇల్లు కాదు. ఇలాంటి ఇళ్లలో ఎదురయ్యే సంగతులను ఒకచోట చేర్చి ఊహించుకున్న కుటుంబం. పాతగుంటూరులో కొట్టు. ఇంట్లో పెద్దావిడకు ఎనభై ఏళ్లు. పిల్లలంతా ఆమెను 'ఆజీ' అని పిలుస్తారు.

ఆరె, కటిక, ఖసాబ్, ఖురేషీ: ఒక్కో పేరు ఒక్కో సంగతి చెబుతుంది

'ఆరె' అంటే తెలుగులో మరాఠీ మాట్లాడేవారు. పాత నిఘంటువుల్లోనూ ఇదే అర్థం ఉంది. తమిళులను అరవలు అన్నట్టే మహారాష్ట్రులను ఆరెలు అన్నారు. అంటే ఇది వారు తమకు పెట్టుకున్న పేరు కాదు, తెలుగువారు వారిని పిలిచిన పేరు. ఈ చిన్న సంగతి చాలా ముఖ్యం. మహారాష్ట్రలో ఉన్నప్పుడు ఎవరినీ 'ఆరె' అనరు. ఆ మాట ఒక కుటుంబానికి అంటుకుందంటే, వారు తెలుగువారి మధ్యకు వచ్చి, వేరే భాషవారిగా గుర్తింపు పొందారని అర్థం.

'కటిక' వృత్తి పేరు. సంస్కృతంలో 'ఖట్టిక', హిందీలో 'ఖటిక్', మరాఠీలో 'ఖాటిక్' అన్నీ మాంసం వృత్తివారికి వాడే మాటలే. 'ఖసాబ్' అరబ్బీ మూలం నుంచి వచ్చింది, అర్థం అదే. 'ఖురేషీ' మాత్రం వృత్తి పేరు కాదు. అది ప్రవక్త పుట్టిన ఖురైష్ తెగ పేరు. ఉత్తర భారతంలో ఖసాబ్‌లు 20వ శతాబ్దం తొలి దశకాల్లో సంఘాలు కట్టుకుని ఈ పేరును విస్తృతంగా స్వీకరించారు. కనుక 1900 నాటి కాగితంలో 'ఖసాబ్' అని, 1950 నాటి కాగితంలో 'ఖురేషీ' అని ఉంటే అవి రెండు వేర్వేరు కుటుంబాలని అనుకోకూడదు.

ప్రభుత్వ జాబితాలు ఈ పేర్లను ఎలా ఉంచాయో చూస్తే చిక్కు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల జాబితాలో డి గ్రూపులో 'ఆరె కటిక, కటిక, ఆరె సూర్యవంశి' ఒక పద్దు. అదే గ్రూపులో 'ఆరె మరాఠీ, మరాఠా (బ్రాహ్మణేతరులు), అరకలీలు, సురభి నాటకాలవాళ్లు' మరో పద్దు. సురభి నాటక కుటుంబాలూ ఆరె వారే, మాంసం వృత్తికీ వారికీ సంబంధం లేదు. కాబట్టి తాతగారి బడి రికార్డులో ఒక్క 'ఆరె' అని మాత్రమే ఉంటే ఆ మాట భాషను చెబుతుందే గాని వృత్తిని చెప్పదు. ఇక 2007 చట్టంతో ఏర్పడిన ముస్లిముల ఇ గ్రూపులో ఖురేషీ, ఖసాబ్‌లతో పాటు 'మరాఠీ ఖసాబ్', 'ముస్లిం కటిక' అనే పేర్లూ ఒకే పద్దులో ఉన్నాయి. హిందువులైన ఆరె కటికలు, ముస్లింలైన మరాఠీ ఖసాబ్‌లు: మతం వేరు, వృత్తి ఒకటి, పేర్లు రెండింటిలోనూ మరాఠీ ఆనవాలు. పూర్వం మాంసం కొట్లలో కోసే పని ముల్లా చేతుల మీదుగా జరిగి, అమ్మకం ఆరె కటికల చేతిలో ఉండే ఏర్పాటు తెలుగు ఊళ్లలో చాలాచోట్ల ఉండేది. అందుకే ఈ రెండు వర్గాల చరిత్రలను పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

ఇంట్లోనే ఉన్న సాక్ష్యం

ఆజీ దేవుడి గూట్లో ఎర్రగుడ్డలో చుట్టిన చిన్న వెండి రేకు ఉంది. అరచేతిలో మూడో వంతు ఉంటుంది. ఎనిమిది చేతుల దేవి బొమ్మ లోపలి నుంచి బయటికి ఉబ్బేలా కొట్టిన పని. ఏళ్ల తరబడి పసుపునీళ్లతో తోమడం వల్ల దేవి ముఖం దాదాపు చెరిగిపోయింది, చేతులు మాత్రం లెక్కపెట్టగలం. దీన్ని ఆమె 'టాక్' అంటుంది. మరాఠీ ఇళ్లలో కులదైవాల వెండి రేకులకు ఉన్న పేరే అది. దేవి పేరు అడిగితే తడుముకోకుండా 'తుల్జాభవాని' అంటుంది. తుల్జాపూర్ మహారాష్ట్రలో షోలాపూర్‌కు దగ్గరి ఊరు.

దసరాల్లో కత్తులు కడిగి, బొట్టుపెట్టి పూజ చేసే రోజును పక్కింటివారు ఆయుధపూజ అంటారు. ఈ ఇంట్లో 'ఖండేనవమి' అంటారు. ఇదీ మరాఠీ పేరే. జొన్నరొట్టె ఇక్కడ భాకరీ. మేనత్త ఆత్యా, బాబాయి కాకా.

ఇంతా చూసి 'అయితే వీరు తుల్జాపూర్ వారే' అనెయ్యవచ్చా? అనకూడదు. కులదైవం ఊరు వేరు, కుటుంబం పుట్టిన ఊరు వేరు. తుల్జాభవాని లక్షల మరాఠీ కుటుంబాలకు కులదైవం, ఛత్రపతి శివాజీ వంశానికి కూడా. భాష విషయంలోనూ జాగ్రత్త అవసరం. దక్కనీ ఉర్దూలో రోజూ వినిపించే 'నక్కో' మరాఠీ 'నకో' నుంచి వచ్చిందే. దాన్ని పలికే ప్రతివారూ మరాఠీవారు కారు కదా. ఒకటి రెండు మాటలు పొరుగు నుంచీ వస్తాయి. చుట్టరికపు పిలుపులు, దేవుడి పేరు, పండుగ పేరు, వంటింటి మాట నాలుగూ ఒకే వైపు చూపితే అప్పుడు భాషా ప్రాంతం వరకు గట్టిగా చెప్పవచ్చు. ఊరు చెప్పడానికి ఇంకా దూరం వెళ్లాలి.

'ధాత కరువులో వచ్చాం, రైలు దిగాం': ఒక జ్ఞాపకాన్ని లెక్కకట్టడం

ఆజీ చెప్పే మాట ఇది: "మా మామగారి తాత ధాత కరువులో ఇల్లు విడిచారు. బెజవాడలో రైలు దిగారు."

తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. ధాత 1876లో వచ్చింది, మళ్లీ 1936లో వచ్చింది. నందన కరువు అంటే గుంటూరు సీమను ఊళ్లకు ఊళ్లుగా ఖాళీ చేసిన 1832–33 నాటి కరువు, కానీ నందన 1892లోనూ వచ్చింది. కాబట్టి పేరు ఒక్కటే చాలదు, తరాలతో సరిచూడాలి. ఆజీ భర్త 1940 ప్రాంతంలో పుట్టారనుకుందాం. తరానికి 27 ఏళ్ల చొప్పున వెనక్కి వెళితే మామగారు సుమారు 1913, ఆయన తండ్రి 1886, తాత 1859. అంటే 1876లో ఆ తాతకు పదిహేడేళ్లు. 1936 అయితే డెబ్బై ఏడు. ఇల్లు విడిచి బతుకుదెరువుకు బయలుదేరే వయసు మొదటిదే. 1876–78 కరువు మద్రాసు రాజధానితో పాటు షోలాపూర్, బీజాపూర్ ప్రాంతాలనూ నిజాం రాజ్యాన్నీ పట్టి పీడించింది. ఇంకో విశేషం, మరాఠీవారి పంచాంగంలోనూ ఇవే అరవై పేర్లు, ఇదే వరస. కనుక 'ధాత' అన్న మాట వారు అక్కడి నుంచే తెచ్చుకుని ఉండవచ్చు.

అంతవరకు బాగానే ఉంది. రైలు సంగతి? నిజాం రైల్వే వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో వచ్చింది. బెజవాడకు చేరింది 1889లో. కరువు నాటికి బెజవాడలో దిగడానికి రైలే లేదు. అయితే ఆజీ తప్పు చెబుతోందా? నేను అలా అనుకోను. రెండు ప్రయాణాలు ఒక్క వాక్యంలో కలిసిపోయాయి. పదిహేడేళ్ల కుర్రవాడు కరువులో ఇల్లు విడిచి, నిజాం రాజ్యంలోనే ఏ పట్టణంలోనో పన్నెండు, పదిహేనేళ్లు గడిపి, ముప్పై దాటాక భార్యాపిల్లలతో రైలెక్కి బెజవాడ వచ్చాడనుకుంటే రెండు మాటలూ నిలుస్తాయి. పెద్దల జ్ఞాపకంలో తేదీలు జారిపోతాయి గాని సంఘటనలు అంత తేలిగ్గా పోవు. ఇక్కడ ఆ జారిపోయిన చోటే మనకు తెలియని మజిలీ ఒకటి బయటపడింది. ఆ మధ్య ఊరు ఏదన్నదే ఈ కుటుంబం ముందున్న అసలు ప్రశ్న.

కాగితాల దారి, జిల్లా మారిన దారి

కాగితాల్లో మొదట పలికేది రిజిస్ట్రేషన్ కార్యాలయం. పాత క్రయ దస్తావేజుల్లో అమ్మినవారి, కొన్నవారి పేరుతో పాటు తండ్రి పేరు, కాపురం, చాలాసార్లు కులం, 'ఫలానా వ్యాపారం జీవనం' అని వృత్తి కూడా రాసేవారు. ఒక్క పేజీలో ఇంతకన్నా ఎక్కువ చెప్పే కాగితం సామాన్యుడి ఇంటికి మరొకటి లేదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల నకళ్లు ఒకటో పుస్తకంలో ఉంటాయి, వాటిని ఎవరైనా రుసుము కట్టి చూడవచ్చు. వీలునామాలుండే మూడో పుస్తకాన్ని అలా చూడనివ్వరు, రాసినవారు బతికున్నంత కాలం నకలు వారికో వారి ప్రతినిధికో మాత్రమే ఇస్తారు, వారు పోయాక అడిగినవారికి ఇస్తారు. అద్దె కొట్టులో, అద్దె ఇంట్లో బతికిన తరం ఈ పుస్తకాల్లో కనిపించకపోవచ్చు. వలస వచ్చిన మొదటి తరం తరచూ అలాంటిదే.

అక్కడ మున్సిపాలిటీ ఆదుకుంటుంది. గుంటూరు మున్సిపాలిటీ 1866లో, బెజవాడది 1888లో ఏర్పడ్డాయి. 1920 మద్రాసు జిల్లా మున్సిపాలిటీల చట్టం కింద కబేళాలు, మాంసం అమ్మకం మున్సిపల్ లైసెన్సుల కిందికి వచ్చాయి. ఇల్లు లేనివాడికీ లైసెన్సు కావాలి. విజయవాడ విద్యాధరపురంలో ఒక కూడలిని ఇప్పటికీ 'కబేళా' అనే పిలుస్తారు. బస్సులో ఆ పేరు విన్నప్పుడల్లా అది ఎన్ని కుటుంబాల తెల్లవారుజాములో గుర్తుకొస్తుంది నాకు. జనన మరణాల రిజిస్టర్లు మద్రాసు రాజధానిలో 1899 చట్టంతో, దేశమంతటా 1969 చట్టంతో నడిచాయి. పాత పద్దుల్లో బిడ్డ పేరుకు బదులు 'మగశిశువు' అని మాత్రమే ఉండటం మామూలు, తండ్రి పేరుతో వెతకాలి. ముస్లిం కుటుంబాలకైతే ఖాజీ దగ్గరి నిఖా పుస్తకం ఇంతకన్నా మంచి ఆధారం. అందులో వధూవరుల తండ్రుల పేర్లు, సాక్షుల పేర్లు ఉంటాయి, సాక్షులు సాధారణంగా దగ్గరి చుట్టాలే.

చాలామంది దారి తప్పేది జిల్లా పేరు దగ్గర. గుంటూరు జిల్లాను 1859లో రద్దుచేసి కృష్ణా జిల్లాలో కలిపారు. మళ్లీ 1904 అక్టోబరు 1న విడిగా ఏర్పరచారు. అంటే 1859 నుంచి 1904 వరకు గుంటూరు పట్టణపు జిల్లా కేంద్రం మచిలీపట్నం. 1895 నాటి కాగితం కోసం 'గుంటూరు జిల్లా' అని వెతికితే ఏమీ కనబడదు. 2022 ఏప్రిల్‌లో మళ్లీ విభజన జరిగి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. మద్రాసు రెవెన్యూ బోర్డు స్థాయి రికార్డులు ఇప్పటికీ చెన్నై ఎగ్మూరులో ఉన్నాయి. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ సంవత్సరం కనిపిస్తే 590 కలపాలి. ఫసలీ 1286 అంటే 1876 జూలైలో మొదలైన ఏడాది, మన ధాత కరువు ఏడాదే.

జనగణనలో తాత పేరు దొరుకుతుందా?

దొరకదు. ఈ అపోహ ఇప్పుడు బాగా వ్యాపిస్తోంది కనుక నేరుగా చెప్పడం మంచిది. అన్ని కులాలనూ లెక్కించి పట్టికలు వెలువరించిన చివరి జనగణన 1931ది. ఆ సంపుటాల్లో ఫలానా జిల్లాలో ఫలానా కులంవారు ఎందరన్న అంకెలుంటాయి, మనుషుల పేర్లుండవు. స్వాతంత్ర్యం తర్వాతి 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇంటింటి వివరాలను ఎవరూ తనిఖీ చేయడానికి వీల్లేదు, వాటిని కోర్టులో సాక్ష్యంగానూ తీసుకోరు. 2027 జనగణనలో మీరు చెప్పే కులం పేరు కూడా రేపు మీ మనవడికి వంశవృక్షంగా దక్కదు. కుల ధ్రువపత్రానికీ దీనికీ సంబంధం లేదు. అది 1993 రాష్ట్ర చట్టం కింద అధికారులు విచారించి ఇచ్చేది.

సైన్యం వెంట వచ్చారా, రైలు వెంట వచ్చారా?

ఆరె కటిక కుటుంబాల్లో తరచూ వినిపించే కథ మరాఠా సైన్యాల వెంట వచ్చామన్నది. దీనికి ఆస్కారం లేకపోలేదు. శివాజీ 1677లో గోల్కొండ వచ్చి, శ్రీశైలం మీదుగా జింజీ వైపు వెళ్లాడు. ఆ కాలపు సైన్యం వెంట ఒక బజారే కదిలేది. అందులో మాంసం అమ్మేవారు తప్పక ఉంటారు. సూర్యవంశి అన్న పేరును ఆ క్షత్రియ జ్ఞాపకంతో ముడిపెట్టేవారున్నారు.

మరో అభిప్రాయం ప్రకారం ఇది 19వ శతాబ్దపు పట్టణాల కథ. కంటోన్మెంట్లు, రైల్వే కూడళ్లు, మున్సిపల్ మార్కెట్లు వచ్చాక ఏడాది పొడవునా మాంసం కొనే జనం ఒకచోట చేరారు, వృత్తి తెలిసినవారు అక్కడికి నడిచారు. మూడో మాట కూడా ఉంది. స్థానికంగా ఈ పని చేస్తున్న కొన్ని కుటుంబాలు వచ్చినవారితో వియ్యమంది, రెండు తరాల్లో వారి భాషను, దేవతను తమవి చేసుకున్నాయన్నది. ఈ మూడోది వినడానికి కొందరికి కష్టంగా ఉంటుంది గాని, పెళ్లిళ్లతో కుటుంబాలు కలవడం ఏ కులంలో జరగలేదు?

వీటిలో ఏది నిజమని కులం మొత్తానికి తీర్పు చెప్పడం అనవసరం. కులం కథ నిజమై ఉండి, ఈ ఇల్లు అందులో లేకపోవచ్చు. ఒకే వీధిలో రెండు కొట్లవారు వేర్వేరు శతాబ్దాల్లో వచ్చి ఉండవచ్చు. ఒక హెచ్చరిక మాత్రం అవసరం. రైలు వాదానికే కాగితాలు ఎక్కువ దొరుకుతాయి, ఎందుకంటే సామాన్యుల పేర్లు రాసే కాగితాలే 19వ శతాబ్దంలో మొదలయ్యాయి. దాన్ని బట్టి అంతకుముందు ఎవరూ రాలేదని చెప్పలేం. అలాగే సైన్యం కథకు కాగితం లేదు కాబట్టి అది కల్పితమనీ అనలేం.

డి.ఎన్.ఏ. పరీక్ష ఈ తగువు తీరుస్తుందని ఆశించేవారికి ఒక మాట. వృత్తి రక్తంలో ఉండదు, వలస వచ్చిన సంవత్సరమూ ఉండదు. పైగా మేనరికాలున్న ఇళ్లలో పూర్వీకులే తక్కువ. తల్లిదండ్రులు మేనత్త మేనమామ బిడ్డలైతే ఎనిమిది మంది ముత్తాతలు, ముత్తవ్వలకు బదులు ఆరుగురే ఉంటారు. అందువల్ల దూరపు చుట్టం కూడా ఆ పరీక్షలో దగ్గరివాడిలా కనిపిస్తాడు.

ఇంటిపేరులో దాగిన ఊరు

మళ్లీ పాతగుంటూరు ఇంటికి వద్దాం. వారి కాగితాల్లో ఇంటిపేరు ఇప్పుడు ఒక్క అక్షరం: ఎన్. 1960ల నాటి బడి రికార్డులో 'నలదూరు'. మామగారి కాలపు దస్తావేజులో 'నల్దురుకారు'. ఒక్కో గుమాస్తా తన చెవికి వినిపించినట్టు తెలుగు చేశాడు. ఆజీని ఇంటిపేరు బయటికి పలకమని అడిగితే 'నల్దుర్గ్‌కర్' అంటుంది, చివరి రేఫను గట్టిగా నొక్కుతూ.

మరాఠీలో ఊరి పేరుకు 'కర్' చేర్చి ఇంటిపేరు చేస్తారు. నల్దుర్గ్ తుల్జాపూర్‌కు దగ్గరలోనే ఉన్న కోట ఊరు. ఇప్పుడది ధారాశివ్ జిల్లాలో ఉంది, 19వ శతాబ్దంలో నిజాం రాజ్యంలో ఆ కోట పేరుతోనే జిల్లా ఉండేది. కులదైవం, కరువు, నిజాం రైలు అన్నీ ఆ దిక్కుకే తిరుగుతున్నాయి. అయినా ఒక్క మెలిక ఉంది. నల్దుర్గ్‌లోనే ఉన్నవాణ్ణి చుట్టుపక్కలవారు నల్దుర్గ్‌కర్ అని పిలవరు, అక్కడ అందరూ నల్దుర్గ్ వారే. ఊరు దాటి మరో చోట నిలిచినవాడికే ఆ పేరు స్థిరపడుతుంది. అంటే ఆ పేరు పుట్టింది బహుశా ఆ మధ్య మజిలీలోనే.

ఒకప్పటి నిజాం రాజ్యంలోని మరాఠీ ప్రాంతమైన మరాఠ్వాడాలో కుణబీ (వ్యవసాయ కులం) పద్దుల కోసం మహారాష్ట్ర ప్రభుత్వం 2023లో జస్టిస్ సందీప్ శిందే కమిటీని వేసి, నిజాం కాలపు దఫ్తరాలను వెతికించింది. మన కుటుంబం వెళ్లాల్సిన దారీ అటే: హైదరాబాద్ తార్నాకలోని పురాభిలేఖాలయం, ధారాశివ్ రెవెన్యూ దఫ్తరాలు, నాసిక్ తీర్థపురోహితుల వంశావళి పుస్తకాలు. ఆ పుస్తకాల్లో వెతకాలంటే కులం, సొంత ఊరు, ఇంటిపేరు తెలిసి ఉండాలి. మూడూ ఇప్పుడు ఆజీ మనవడి చేతిలో ఉన్నాయి. ఆ దఫ్తరాల్లో, పుస్తకాల్లో పాత కాగితాలు కొన్ని పారసీకంలో, కొన్ని ఉర్దూలో, కొన్ని మరాఠీవారు 20వ శతాబ్దం మధ్య వరకు రాసుకున్న మోడీ లిపిలో ఉంటాయి. ఇంట్లో మరాఠీ మాట్లాడేవారు ఆరుగురున్నారు. మోడీ లిపి చదవగలవారు ఒక్కరూ లేరు.